రెండు తాళాల ఇల్లు

మా మరిది మంచాన్ని తోపుడుబండి మీద వేసుకుని మా గుమ్మం ముందు ఆగిన రోజునే ఆ ఏడు వానలు మొదలయ్యాయి. బండి వెనకాల మా తోడికోడలు ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో గోడగడియారం పట్టుకుని నడిచొస్తోంది. అప్పటికి తనకి ఆరో నెల. గొడుగు గడియారానికి పట్టింది గానీ తను మాత్రం నిలువునా తడిసింది.

"మేమున్న ఇల్లు అమ్మేశారు వదినా," అన్నాడు మా మరిది, చావు కబురు చల్లగా చెప్పినట్టు. "కొన్నవాళ్ళు పడగొట్టి గోడౌను కడతారట. నాలుగు రోజులు ఇక్కడుంటాం. ఈలోగా ఏదో ఒకటి చూసుకుంటాను."

నాలుగు రోజుల్లో ఇల్లు దొరికే కాలం కాదది. ఊరి చివర కొత్త ఫ్యాక్టరీ తెరిచాక ఎక్కడెక్కడి మనుషులో వచ్చి చేరారు. అద్దెలు కొండెక్కి కూర్చున్నాయి. మా ఆయన బస్సు డ్రైవరు. డిపోలో కొందరు ఆగి ఉన్న బస్సుల్లోనే కాపురం చేస్తున్నారని ఆయన చెప్పేవారు. "నేను బండి ఆపి దిగుతుంటే ఒకాయన దుప్పటి చంకన పెట్టుకుని ఎక్కుతున్నాడు. కదలని బస్సుకి ఇంత గిరాకీ ఎప్పుడూ చూళ్ళేదు," అని నవ్వేవారు. మా ఇంటికీ ఆ గతి పడుతుందని అప్పుడు తెలియదు.

మాది రెండు గదులూ ఒక వంటిల్లూ. అందులో నేనూ, మా ఆయనా, మా పాపా, అత్తయ్యా, నా కుట్టుమిషనూ ఉంటాం. నేను స్కూలు పిల్లల యూనిఫారాలు కుడతాను కాబట్టి ఆ మిషన్ని కూడా మనిషి కిందే లెక్కేస్తాను. చోటు మనిషికన్నా ఎక్కువే తింటుంది. వెనక గది మరిదికి ఇచ్చేశాం. కొడుకులిద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారని అత్తయ్య ఆ పూట మహా సంబరపడింది. మర్నాడు పొద్దున్న స్నానాల గది ముందు వరస కట్టేసరికి ఆ సంబరం కాస్తా నీరుగారింది.

ఇరుకు సంగతి ఎలాగో సర్దుకునేవాళ్ళమేమో గానీ, ఆ వెనక గదికి ఇంకో జబ్బుంది. దాని గోడ పక్కింటితో ఉమ్మడి. ఆ పక్కిల్లు ఏళ్ళ తరబడి తాళం పెట్టి ఉంది. ఒకటి కాదు, రెండు తాళాలు. ఒకటి ఇత్తడిది, అరచేయంత ఉంటుంది. రెండోది ఇనపది, చిన్నది. రెండూ ఒకే గొళ్ళేనికి వేలాడుతుంటాయి.

ఆ ఇంటి హక్కుదారులు అన్నదమ్ములు. వీధిలో వాళ్ళ అసలు పేర్లు ఎప్పుడో మరిచిపోయారు. పెద్దాయన్ని పెద్దతాళం అనీ, చిన్నాయన్ని చిన్నతాళం అనీ అనేవారు. వాళ్ళమ్మ పోయాక కింది భాగం అన్నకీ, మేడ తమ్ముడికీ అని చక్కగానే పంచుకున్నారు. మేడకి వెళ్ళే చెక్కమెట్లు మాత్రం కింద హాలు మధ్యనుంచి లేస్తాయి. "మెట్లు నా నేల మీద నిలబడ్డాయి కాబట్టి నావి," అన్నాడు అన్న. "మెట్లు లేకపోతే నా మేడకి రెక్కలు కట్టుకుని వెళ్ళాలా? అవి నావే," అన్నాడు తమ్ముడు. ఆ మాట మీద మాట పెరిగి, ఒకాయన తాళం వేస్తే రెండో ఆయన దాని పక్కనే ఇంకో తాళం వేశాడు. వారం తిరిగేసరికి కోపాలు చల్లారతాయని వీధి వీధంతా అనుకుంది. తాళాలు తుప్పు పట్టాయి గానీ కోపాలు పట్టలేదు.

మనుషులు లేని ఇల్లు ఊరికే ఉండదు. పైన పెంకులు జారాయి, తూముల్లో ఆకులు కుక్కుకున్నాయి. ఆ ఇంట్లో పడిన వాన పోయే దారిలేక ఉమ్మడి గోడలోకి ఇంకి మా వైపు దిగేది. ప్రతి ఏడూ కాస్త చెమ్మ వచ్చేది, ఎండలకి ఆరేది. ఆ ఏడు మాత్రం గోడ ఆరనే లేదు. సున్నం పెచ్చులుగా ఊడి మంచం మీద రాలేది. ఆరేసిన బట్టలకి ముక్కిపోయిన వాసన పట్టేది. మా తోడికోడలికి దగ్గు పట్టుకుంది.

"గోడకి చెమటలు పడుతున్నాయక్కా," అనేది పొద్దున్నే లేచి, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తూ.

"దానికి మనల్ని చూస్తేనే భయం," అనేదాన్ని. మొదట్లో నవ్వేవాళ్ళం. తరవాత తరవాత నవ్వడం తగ్గింది. నా యూనిఫారం గుడ్డల కట్టకి బూజు పట్టిన రోజున ఆ కట్ట ఆ గదిలో ఎవరు పెట్టారని నేనూ, ఎవరూ పెట్టలేదని తనూ, ఇద్దరం గంటసేపు వాదించుకున్నాం. పెట్టింది మా ఆయన అని సాయంత్రం తేలింది. ఆయన్ని తిట్టే ఓపిక అప్పటికి ఇద్దరికీ లేదు.

మా మరిది వడ్రంగి. ఫర్నిచరు దుకాణంలో పని అయిపోగానే ఇళ్ళ వేటకి వెళ్ళేవాడు. తడిసి ముద్దయి తిరిగొచ్చేవాడు. "ఇవాళ ఒక గది చూపించారు వదినా. మంచం వేస్తే తలుపు మూతపడదు, తలుపు మూస్తే మంచం పట్టదు. 'మీరు ఏదో ఒకటి తేల్చుకోండి' అన్నాడు ఇంటాయన."

ఒకరోజు అలా నవ్వించకుండా వచ్చి కూర్చున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్ళో పడవలు చేసే చోట పని ఉందట. ఉండటానికి చోటు కూడా వాళ్ళే ఇస్తారట. "కాన్పు కాకముందే వెళ్ళిపోతాం."

మా తోడికోడలి అమ్మావాళ్ళూ, నేస్తాలూ, తను పనిచేసే బట్టల కొట్టూ అన్నీ ఈ ఊళ్ళోనే. అత్తయ్య చేతిలో కంచం కింద పెట్టేసింది.

"పక్కింట్లో ఆరు గదుల్లో పందికొక్కులు కాపురం చేస్తుంటే, నా కొడుకు ఊరొదిలి పోవాలా?"

"అదేదో పందికొక్కుల్ని అడగమ్మా," అన్నారు మా ఆయన.

"వాటిని కాదు. ఆ తాళాలగాళ్ళనే అడుగుతాను."

అప్పటికి మున్సిపాలిటీ నుంచి ఒకావిడ మా వీధిలో తిరుగుతుండేది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని, తాళం కనబడ్డ ప్రతి ఇంటి ముందూ ఆగి చూసేది. అందరూ ఆవిణ్ణి ఖాళీ ఇళ్ళ మేడం అనేవారు. అత్తయ్య ఆవిణ్ణి లోపలికి పిలిచి, తడిగోడ చూపించి, టీ ఇచ్చి కూర్చోబెట్టింది.

"తాళం పెట్టిన ఇల్లు ఐదేళ్ళపాటు మాకు అప్పగిస్తే చాలండీ," అంది మేడం. "కప్పూ గోడలూ మేమే బాగుచేయిస్తాం. ఇల్లు కావాలని మా దగ్గర పేరిచ్చినవాళ్ళకి వరస ప్రకారం అద్దెకిస్తాం. అద్దె ఇంటివాళ్ళకే వెళ్తుంది. ఐదేళ్ళయ్యాక ఇల్లు వాళ్ళ చేతికి."

"బంగారంలాంటి మాట. ఎంతమంది ఇచ్చారేమిటి?"

మేడం తన బూట్లకేసి చూసుకుంది. "మీ వీధిలో ఇంకా ఎవరూ ఇవ్వలేదండీ."

"పక్క వీధిలో?"

"అక్కడా ఇవ్వలేదు. అద్దెకొచ్చినవాళ్ళు మళ్ళీ ఖాళీ చెయ్యరేమోనని భయం. ఇంటికి పిలిచి టీ ఇచ్చింది మీరే మొదలు." గ్లాసు కింద పెట్టి అంది. "ఇది ఇద్దరి ఇల్లు కాబట్టి ఇద్దరూ ఒప్పుకోవాలి. తాళం పగలగొట్టే అధికారం నాకు లేదు."

మర్నాడు నన్ను తోడు తీసుకుని అత్తయ్య బయల్దేరింది. "మనకెందుకమ్మా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు," అని మా ఆయన వెనకనుంచి అంటూనే ఉన్నారు. "కత్తిపీట మీద వాన కారుతోందిరా," అంది అత్తయ్య వెనక్కి తిరక్కుండా.

పెద్దతాళం రైల్వే టికెట్ల కౌంటరులో పనిచేసి రిటైరైన మనిషి. ఒక చీకటి సందులో ఒంటిగదిలో అద్దెకుంటున్నాడు. సొంతింటికి తాళం పెట్టుకుని ఆ గదిలో ఏళ్ళు వెళ్ళదీస్తున్నాడు. కిటికీలోంచి తల మాత్రం బయటపెట్టి మాట్లాడాడు, టికెట్లు ఇచ్చినట్టే.

"నేను వద్దన్నానా పిన్నీ? వాణ్ణి ముందు తియ్యమనండి. వాడి తాళం తీసిన మరుక్షణం నాది తీస్తాను."

వాళ్ళమ్మా అత్తయ్యా స్నేహితులు. ఇద్దరికీ చిన్నప్పుడు ముక్కు తుడిచిన చెయ్యి కాబట్టి అత్తయ్య వాళ్ళని ఏమన్నా చెల్లేది. "సరేరా పెద్దోడా," అని అక్కణ్ణుంచి చిన్నతాళం కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళాం. ఆయన దుకాణం వెనకాలే మడతమంచం వేసుకుని ఉంటున్నాడు. చేతిలో అద్దం తుడుస్తూ విన్నాడు.

"అన్నయ్యనే ముందు తియ్యమనండి పిన్నీ. పెద్దవాడు కదా, ఆ పెద్దరికమేదో చూపించమనండి. నేను వెనకే తీస్తాను."

బయటికొచ్చాక అడిగాను, "ఎవరు ముందు తీస్తే ఏం పోతుందత్తయ్యా?"

"ముందు తీసినవాడు ఓడినట్టు. ఇద్దరూ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మధ్యలో ఇల్లు కుంటుతోంది." కాస్త దూరం నడిచాక మళ్ళీ అంది, "లోకానికి కళ్ళద్దాలు అమ్ముతాడే గానీ, వీడికి చూపు లేదే అమ్మాయ్."

తరవాత ఇంకో రెండుసార్లు వెళ్ళొచ్చింది. అదే మాట, అదే జవాబు. మా మరిది పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం వాన విడవకుండా కురుస్తోంది. మగవాళ్ళు పనికి వెళ్ళారు, పాప స్కూలుకి వెళ్ళింది. అత్తయ్య ముందు గదిలో కునుకు తీస్తోంది. నేను వంటింటి పక్కన మిషను దగ్గర కూర్చుని గుడ్డ కత్తిరించబోతే కత్తెర తెగలేదు. నా కత్తెర జోలికి ఎవరొచ్చినా నాకు ఒళ్ళు మండుతుంది.

"ఏయ్, ఒకసారి ఇలా రా!" అని కేకేశాను.

మా తోడికోడలు వెనక గదిలో పడుకుని ఉంది. బరువుగా లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది. "ఏంటక్కా?"

"ఈ కత్తెరతో ఏం కోశావు?"

"అట్టముక్క. పెట్టె అడుగున పరుద్దామని."

"అట్టముక్కా! గుడ్డ కత్తెరతో అట్ట కోస్తారా ఎవరైనా? రేపు రాళ్ళు కూడా కోస్తావు. ఇంట్లో ఇంకో కత్తెర లేదూ? అడిగితే నోటి ముత్యాలు రాలతాయా?" నేను మంచి ఊపు మీదున్నాను. ఇంకా చాలా అనేదాన్ని.

వెనక గదిలోంచి చప్పుడు వచ్చింది. మొదట ఇసకబస్తా కుమ్మరించినట్టు మెత్తగా. తరవాత దబదబా ఇటుకలు. గుమ్మంలోంచి దుమ్ము మా మీదికి పొంగుకొచ్చింది. మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం ఎప్పుడు పట్టుకున్నామో తెలియదు. కత్తెర కింద పడింది.

దుమ్ము కాస్త అణిగాక చూస్తే మంచం లేదు. మంచం ఉండాల్సిన చోట ఇటుకల గుట్ట ఉంది. గోడలో మనిషి వంగకుండా పట్టేంత కన్నం. ఆ కన్నంలోంచి పక్కిల్లు కనిపిస్తోంది. దాని కప్పు మధ్యలో పెంకులు లేని చోటునుంచి వెలుతురూ వానా కలిసి నిలువుగా నేల మీదికి దిగుతున్నాయి.

అత్తయ్య పరుగెత్తుకొచ్చి కోడలి మొహం, భుజాలు, పొట్ట అన్నీ తడిమి చూసింది.

"అక్కా," అంది మా తోడికోడలు చాలాసేపటికి, సన్నటి గొంతుతో. "తిట్టడం అయిపోయిందా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

కబురు అందిన వెంటనే అన్నదమ్ములిద్దరూ వచ్చారు. పెద్దాయన గొడుగుతో, చిన్నాయన దుకాణం సగం మూసి తలమీద తువ్వాలుతో. మా ముందు గదిలో ఒకాయన కిటికీకేసి, ఒకాయన వంటింటికేసి చూస్తూ నిలబడ్డారు. ఇరుకింట్లో అలా ఎడమొహం పెడమొహంగా నిలబడటానికి కూడా చాలా నేర్పు కావాలి.

"కంగారు పడకండి నాయనా," అంది అత్తయ్య. "మీ తాళాలు భద్రంగానే ఉన్నాయి."

ఇద్దరూ కన్నం దగ్గరికి వచ్చారు. ఒక్కసారికి ఒక్కరే పడతారు. ఇద్దరూ ఆగిపోయారు.

"ఇక్కడ కూడా ముందెవరన్న పేచీయేనా? జరగండి, నేను పోతాను," అని అత్తయ్య చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఇటుకల మీదుగా లోపలికి దిగింది. ఆవిడ వెనక పెద్దాయన, ఆయన వెనక చిన్నాయన, ఆఖర్న నేను.

లోపల నేలంతా నాచు. ఒక మూల ఏదో మొక్క నడుమెత్తు పెరిగి ఆకులు చాపుకుంది. గోడకి ఒకప్పటి క్యాలెండరు తాలూకు మేకు మిగిలింది. వాళ్ళిద్దరూ అవేమీ చూడలేదు. హాలు మధ్యకి వెళ్ళి ఆగిపోయారు.

అక్కడ మెట్లు లేవు. గోడ మీద వాలుగా పైకి పాకిన మట్టిచార కనిపిస్తోంది, చెదలు నడిచిన దారి. కింద పుట్టమన్ను లాంటి పొడి, కొన్ని చెక్కపేళ్ళు. ఒక్క అడుగు మెట్టు మాత్రం మెట్టు ఆకారంలో మిగిలి ఉంది. పెద్దాయన దాన్ని గొడుగు కొసతో తాకాడు. అది చప్పుడు లేకుండా కూలిపోయింది. తలెత్తితే, పైన మేడగుమ్మం గాలిలోకి తెరుచుకుని ఉంది.

చిన్నాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏం మిగల్లేదురా," అన్నాడు పెద్దాయన.

"అవునన్నయ్యా."

కప్పులోంచి వాన పడుతూనే ఉంది. కాసేపటికి చిన్నాయన అన్నాడు, "ఇటు జరుగు. అక్కడ నేల మెత్తగా ఉంది, కాలు దిగబడుతుంది."

పెద్దాయన తమ్ముడి వైపు జరిగాడు.

అంతే. ఇంకో మాట అనుకోగా నేను వినలేదు. అత్తయ్య నా చెయ్యి గిల్లి, మనం పోదాం పద అన్నట్టు కన్నం వైపు సైగ చేసింది.

మర్నాడు ఖాళీ ఇళ్ళ మేడం ఎదుట ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ తరవాత వీధి తలుపు దగ్గరికి వచ్చారు, ఇద్దరి చేతుల్లోనూ తాళంచెవులు. వీధంతా పోగైంది. తాళంచెవులు దూరాయి గానీ తిరగలేదు. నూనె పోశారు, తట్టారు, బతిమాలారు, తిట్టారు. ఆఖరికి మా మరిది ఇనుము కోసే రంపం తెచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆగిపోయాడు.

"ముందు ఏది కొయ్యను?"

అన్నదమ్ములిద్దరూ మళ్ళీ బిగుసుకుపోవడం నాకు కనిపించింది.

"తాళాలెందుకురా వెర్రివాడా," అంది అత్తయ్య. "గొళ్ళెం కొయ్యి."

రెండు తాళాలూ ఒకేసారి కింద పడ్డాయి. వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆ తరవాత వారాలు ఎలా గడిచాయో తలుచుకుంటే నాకు దుమ్ము, సున్నం వాసన, సుత్తి చప్పుళ్ళే గుర్తొస్తాయి. మున్సిపాలిటీవాళ్ళు కప్పు విప్పి కొత్త వాసాలు వేశారు. నేల తవ్వి చెదలమందు పోశారు. కింది భాగం మా మరిదికి ఇవ్వడానికి మేడం ఒప్పుకుంది. తడిగోడ చూపించిన రోజునే అత్తయ్య వాడి పేరు ఇచ్చేసింది, పైగా ఇప్పుడు గోడ కూలి నిలువనీడ లేకుండా పోయింది. మెట్లు చేసే పని వాడికే అప్పజెప్పారు. పనిముట్ల పెట్టె మళ్ళీ విప్పాడు. పడవల ఊరి మాట ఇంక ఎత్తలేదు. మేమందరం ముందుగదిలో సర్దుకుని పడుకున్నాం. ఒకరు పక్కకి తిరగాలంటే అందరం తిరగాల్సి వచ్చేది. మా ఆయన, "స్టాపొచ్చింది, జరగండి," అని అరిచేవారు.

పని సగంలో ఉండగా మెరిసే బూట్లు వేసుకున్న బ్రోకరొకడు వచ్చాడు. ఫ్యాక్టరీ మేనేజరుకి ఇల్లు మొత్తం కావాలట. ఎక్కువ అద్దె, పైగా రెండేళ్ళది ముందే చేతిలో పెడతారట. "సంతకం చేస్తే ఏమైందండీ? ఇల్లు ఇంకా అప్పగించలేదు కదా. చేతికొచ్చేది ఎందుకొదులుకుంటారు?" అని చిన్నతాళాన్ని పక్కకి తీసుకెళ్ళి చెవిలో జోరీగలా పోరు పెట్టాడు. నేను కన్నం ఇవతలే ఉన్నాను, మాట మాటా వినబడుతోంది. ఆయన దుకాణం అంతంతమాత్రంగా నడుస్తోందని అందరికీ తెలుసు. వద్దంటాడన్న నమ్మకం నాకు లేదు.

చిన్నతాళం హాల్లోకి నడిచాడు. అక్కడ మా మరిది మెట్టుచెక్కకి చిత్రిక పడుతున్నాడు. చుట్టలు చుట్టలుగా చెక్కపొట్టు లేచి పాదాల దగ్గర పడుతోంది. మా తోడికోడలు పీట మీద కూర్చుని, నునుపైన చెక్కల మీద గరుకుకాగితం రుద్దుతోంది. అప్పటికి నెలలు నిండాయి. కూర్చోమంటే కూర్చుంటుంది గానీ, ఊరికే కూర్చోదు.

ఆయన కాసేపు చూశాడు. వంగి ఒక చెక్క మీద అరచెయ్యి వేసి రాశాడు.

"ఈ మెట్లు ఎన్నాళ్ళుంటాయి బాబూ?"

"చెమ్మ తగలకుండా చూసుకుంటే మా పిల్లలు పెద్దవాళ్ళయి, వాళ్ళ పిల్లలు ఎక్కినా ఉంటాయండీ."

"చెమ్మ తగలకుండా అంటే?"

"మనుషులుండాలి. రోజూ ఎక్కి దిగేవాళ్ళుంటే చెక్క బాగుంటుంది."

ఆయన తలూపాడు. వెనక్కి వచ్చి బ్రోకరుతో అన్నాడు, "ఇల్లు ఇచ్చేశామండీ. మీరు వేరే చూసుకోండి." వాడు ఇంకేదో అనబోతుంటే, "మా అన్నయ్యనడిగినా ఇదే చెబుతాడు," అన్నాడు. అన్నయ్యని అడగనే లేదు. ఆ సాయంత్రం పెద్దతాళానికి ఈ సంగతి చెబితే, ఆయన గొడుగు ముడుచుకుంటూ, "వాడికి బుద్ధి కాస్త ఆలస్యంగా వస్తుంది గానీ, వస్తే మాత్రం ఉంటుంది," అన్నాడు. ఆయన నోటెంట తమ్ముడి గురించి అంతకుమించిన పొగడ్త రాదని అత్తయ్య అంది.

ఆఖర్న మిగిలింది మా గోడ. మేస్త్రి తాపీ పట్టుకుని అడిగాడు, "పూర్తిగా మూసెయ్యమంటారా, గుమ్మం పెట్టమంటారా? ఎలాగూ ఒక కుటుంబమే కదా. ఇటూ అటూ తిరగొచ్చు."

అత్తయ్య మొహం వెలిగిపోయింది. "గుమ్మం పెట్టు నాయనా."

నేను మా తోడికోడలి వైపు చూశాను. తను నా వైపు చూసింది. ఆ మూడు నెలల్లో ఒకరినొకరం చూసినంత దగ్గరగా ఎవరూ ఎవరినీ చూసి ఉండరు. నిద్రలో ఎవరు గురక పెడతారో, ఎవరికి ఏ మాటకి కళ్ళలో నీళ్ళొస్తాయో మాకిద్దరికీ తెలుసు.

"మూసెయ్యండి," అన్నాం ఇద్దరం ఒక్కసారే.

అత్తయ్య నోరు తెరిచింది. మా తోడికోడలు గబగబా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వీధిలోంచే వస్తానత్తయ్యా. తలుపు తడతాను. అక్క 'ఎవరూ' అంటుంది. 'నేనే' అంటాను. నాకు అలా రావాలని ఉంది."

"నాకూ 'ఎవరూ' అనాలని ఉంది," అన్నాను.

అత్తయ్య రెండు రోజులు మూతి ముడుచుకుంది. మూడో రోజున, తనకి ఇద్దరు కోడళ్ళు రెండిళ్ళలో టీ ఇస్తారని గ్రహించాక కోపం పోయింది.

వానలు వెనకబట్టాయి. మా మరిదికి కూతురు పుట్టింది. వాళ్ళు ఆ ఇంట్లో దిగిన వారానికి మేడ మీదికి మనుషులొచ్చారు, మేడం దగ్గర ఎప్పుడో పేరిచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళు. మా ఆయన డిపోలోనే పనిచేసే కండక్టరమ్మ, వాళ్ళ నాన్న. ఏడాదిగా వాళ్ళ వంటసామాను ఒకరింట్లో, బట్టలు ఇంకొకరింట్లో, పడక మాత్రం ఎక్కడ దొరికితే అక్కడ. సామాను పైకి చేర్చడానికి ఇద్దరు అన్నదమ్ములూ వచ్చారు. చివరి మెట్టు మీద ఆ ముసలాయన కాసేపు ఆగాడు. ఆయాసం అనుకున్నాం. ఆయన వెనక్కి తిరిగి, ఎక్కొచ్చిన మెట్లన్నీ ఒకసారి చూసుకుని లోపలికి వెళ్ళాడు.

అప్పటికే వీధి చివర ఇంకో ఇంటి తాళం తీశారు. పక్క వీధిలో కూడా ఒకటి తీశారని విన్నాం. పెద్దతాళం మాత్రం ఖాళీ ఇళ్ళ మేడం వెంట గొడుగేసుకుని తిరుగుతూ, మొండికేసిన ఇంటివాళ్ళ దగ్గర కూర్చుని, "చెదలకి హక్కులూ వాటాలూ తెలియవండీ," అని చెబుతున్నాడట. ఆయన చెబితే ఎందుకో జనం వింటున్నారట.

ఆ ఆదివారం కండక్టరమ్మ మా తలుపు తట్టింది. "అక్కా, సుత్తి ఉందా? చిన్న పనే." ఇచ్చాను. తీసుకుని వెళ్ళకుండా అక్కడే నిలబడింది. "మేకు కొట్టొచ్చంటారా? మా నాన్న అద్దం ఒకటుంది, వేలాడదియ్యాలి. ఇప్పటిదాకా ఉన్న ఏ ఇంట్లోనూ గోడని ముట్టుకోనిచ్చేవారు కాదు."

చిన్నతాళం ఎదురుగానే ఉన్నాడు, నిచ్చెన మీద నిలబడి తూములో ఆకులు తీస్తున్నాడు. కింద నిచ్చెన పట్టుకుని పెద్దతాళం ఉన్నాడు. "మేడ ఆయనదేనమ్మా, ఆయన్నే అడుగు," అన్నాను.

ఆవిడ మొహమాటపడుతూనే అడిగింది.

"అందులో మీరుంటున్నారు కదమ్మా. కొట్టుకోండి," అన్నాడు చిన్నతాళం.

"ఒకటి చాలండీ."

"ఎన్ని కావాలంటే అన్ని," అన్నాడు పెద్దతాళం కిందనుంచి.

కాసేపటికి మేడ మీదనుంచి చప్పుడు మొదలైంది. మొదట్లో భయం భయంగా, ఒక దెబ్బ కొట్టి ఆగి, ఇంకో దెబ్బ కొట్టి ఆగి. ఆ తరవాత ధైర్యంగా. పసిపిల్ల లేచి కేరుమంది. "పాప పడుకుందండీ!" అని మా తోడికోడలి అరుపు. "అయిపోయింది, ఇంకొక్కటే!" అని పైనుంచి జవాబు. చిన్న చప్పుడుకే చిరాకుపడే అత్తయ్య గుమ్మంలో టీ గ్లాసుతో కూర్చుని, మొహం పైకెత్తి వింటోంది.

"ఎన్ని కొడుతుందే అమ్మాయ్?" అంది.

"ఒకటే అంది అత్తయ్యా."

"కొట్టుకోనీ," అంది.

అది ఒకదానితో ఆగలేదు. సాయంత్రందాకా కొడుతూనే ఉంది.